నల్ల బీరును తిట్టిన రోజు

మార్కెట్ పేజీకి పప్పుల ధరలూ, ఎండుమిరపకాయల ధరలూ రాసి రిటైరైనవాడికి బీరు రుచి చూసే చోట ఉద్యోగం ఎలా వచ్చిందని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. కొందరి గొంతులో అసూయ, కొందరి గొంతులో జాలి. మా ఆవిడను అడిగితే మాత్రం "హోటల్లో రాతపని" అని ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది. అందులో అబద్ధమేమీ లేదు. నేను చేసింది రాతపనే.

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. మీరు చూసిన పెద్ద సంగతి ఏదైనా చెప్పండి అంటారు. వరదల గురించో, ఎన్నికల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. వాటి గురించి నాకంటే బాగా రాసినవాళ్ళు ఉన్నారు. నాకు చెప్పాలనిపించేది ఏ పేపర్లోనూ రాని ఒక మధ్యాహ్నం గురించి. ఆ మధ్యాహ్నం, ఒక అమ్మాయి కాచిన నల్ల బీరును మేం పిలిచిన పెద్దమనుషులంతా కలిసి తిట్టిపోశారు.

ముందు ఉద్యోగం సంగతి చెబుతాను. మద్రాసులో తెలుగు పేపర్‌కు మార్కెట్ విలేఖరిగా పనిచేసినంత కాలం నా ఉదయాలన్నీ జార్జి టౌన్లోనే గడిచాయి. తోపుడుబండ్లకు దారిస్తూ, మూటల మీద కూర్చుని, వ్యాపారులు చెప్పిన ధరలు రాసుకుని ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ధరల పక్కన సరుకు గురించి ఒక వాక్యం రాయడం నా అలవాటు. "మిర్చి రంగు నిలిచింది గానీ ఘాటు తగ్గింది", "కొత్త బెల్లంలో ఇంకా చెమ్మ ఆరలేదు" అనే తరహాలో. అవి ఎవరు చదువుతారులే అనుకునేవాణ్ణి. ఒకాయన చదివేవాడట. నెల్లూరులో వాళ్ళ నాన్నకు కిరాణా కొట్టు. ఆ కొట్లో కూర్చుని నా వాక్యాలు పైకి చదివి వినిపించడం చిన్నప్పుడు అతని పని. అతనే పెద్దయ్యాక మద్రాసులో ఒక హోటల్‌కు మేనేజరయ్యాడు.

ఆ హోటల్‌కు సొంతంగా బీరు కాచి, అక్కడే అమ్ముకునే లైసెన్సు వచ్చింది. కొత్త బీరు తయారైనప్పుడల్లా నలుగురిని కూర్చోబెట్టి రుచి చూపించి, వాళ్ళు సరేనన్నాకే బారులో పెట్టాలని మేనేజరు నియమం. మొదట్లో సర్టిఫికెట్లు ఉన్న నిపుణులను పిలిచారట. వాళ్ళందరూ ఒకే పుస్తకం చదువుకుని వచ్చినవాళ్ళు. రాసింది కూడా ఒకే మాటలు. బారులో కూర్చునేవాళ్ళకు అవేమీ అర్థం కాలేదు. అప్పుడు నేను గుర్తొచ్చాను.

"సార్, మిరపకాయ గురించి రాసినట్టు మా బీరు గురించి రాయండి. ముక్కు బాగా పనిచేసే మనుషులను కూడా మీరే తీసుకురండి, మన ఊరివాళ్ళను" అన్నాడు.

అలాంటి ముక్కులు నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. ముగ్గురిని ఒప్పించాను. ఒకాయన జార్జి టౌన్లో బెల్లం టోకు వ్యాపారి. తాతల నాటి నుంచి ఆ వీధిలోనే కొట్టు. అందరూ ఆయనను మొదలాళి అని పిలుస్తారు, అరవంలో షావుకారు అని. రెండో ఆమె రాయపురంలో ఎండుచేపలు అమ్మే అక్క. మూట విప్పకముందే లోపల సరుకు ఎలా ఉందో చెప్పగలదు. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో హార్బరుకు. మూడో ఆయనకు వాషర్‌మెన్‌పేట్‌లో కాఫీ గింజలు వేయించి పొడి కొట్టే అంగడి ఉంది. తక్కువ మాట్లాడతాడు. నాకు ఓటు లేదు. వాళ్ళ ఎదుట గ్లాసులు పెట్టించడం, అడగడం, వాళ్ళు అన్నది అన్నట్టు రాసివ్వడం నా పని. పత్రికలో నాకు నేర్పింది అదే. మన అభిప్రాయం కలపకూడదు.

ఇక ఆ అమ్మాయి. బీరు కాచే పనంతా ఆమెదే. వరంగల్ వైపు నుంచి వచ్చింది. బెంగళూరులో పని నేర్చుకుంది. సన్నగా, పొట్టిగా ఉండేది గానీ బార్లీ బస్తా ఒక్కతే లేపి భుజం మీద వేసుకునేది. హోటల్‌లో ఆమె ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె చేతి మీదుగా అప్పటికి కొన్ని బీర్లు బారుకు వెళ్ళాయి. ఒకటి గోధుమ బీరు. ఒకటి మామిడిపండు వాసన వచ్చేది. ఒకటి నీళ్ళలా తేలిగ్గా ఉండేది. అవన్నీ మేనేజరు కోరితే కాచినవి. మా ముగ్గురు పెద్దమనుషులూ వాటిని మెచ్చుకున్నారు. "బాగుండాది, చాలా బాగుండాది" అని మొదలాళి అన్నమాట నేను అక్షరం పొల్లుపోకుండా రాసిచ్చాను.

బారులో మాత్రం అవి నిలబడలేదు. జనం సగం తాగి గ్లాసులు వదిలేసి వెళ్ళేవాళ్ళు. మేనేజరు తలపట్టుకున్నాడు. చివరికి అతనొక నిర్ణయానికి వచ్చాడు. మన ప్యానెల్‌వాళ్ళు మొహమాటస్తులు, పిలిచి కూర్చోబెట్టారు కదా అని ఏదైనా బాగుందనే అంటారు. అలాంటివాళ్ళు కూడా బాగాలేదన్నారంటే ఇక అది నిజంగానే పారబోయాల్సిన సరుకన్నమాట.

ఆ లెక్క నాకు కూడా సబబుగానే తోచింది.

నల్ల బీరు ఆ అమ్మాయి పట్టుబట్టి కాచుకున్నది. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేయిస్తే మాల్ట్ అంటారు. మన ఇళ్ళలో రాగి మాల్ట్ చేసే పద్ధతే. మామూలు బీరుకు వేసేదానికంటే చాలా ఎక్కువ మాల్ట్ ఇందులో పడుతుంది. దాంతో రంగు ముదురుతుంది, మత్తు పెరుగుతుంది. యూరప్‌లో సన్యాసులు ఉపవాస దినాల్లో రొట్టెకు బదులు ఇలాంటిది తాగేవాళ్ళని చెబుతారు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఈ రకం త్వరగా తయారు కాదు. చల్లని ట్యాంకులో నెలల తరబడి కదలకుండా ఉండాలి. ఆ నెలలన్నీ మేనేజరు ఆ ట్యాంకు పక్కనుంచి వెళ్తూ, అందులో ఎన్ని విడతల తేలిక బీరు కాచి ఉండేవాళ్ళమో లెక్క వేసుకునేవాడు.

రుచి చూసే రోజుకు ముందు అతను ఆ అమ్మాయిని, నన్ను గదికి పిలిచాడు. దాపరికం లేకుండా చెప్పాడు.

"అమ్మా, పైవాళ్ళు నన్ను అడుగుతున్నారు. రేపు ప్యానెల్ ఊఁ అంటే బారులో పెడదాం, మీ పర్మనెంటు కాగితం నేను పైకి పంపిస్తాను. కాదంటే సాయంత్రానికి ట్యాంకు ఖాళీ కావాలి. మీ సంగతి కూడా నా చేతిలో ఉండదు."

"సరే సార్" అంది ఆమె.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత కూర్చున్నాం. బారు వెనక చిన్న గది. బల్ల మీద తెల్లని గుడ్డ, మనిషికొక నాప్కిన్, నోరు కడుక్కోవడానికి నీళ్ళు, మింగడం ఇష్టంలేనివాళ్ళు ఉమ్మడానికి స్టీలు గిన్నెలు. మేనేజరు ఒక చివర కూర్చున్నాడు. గ్లాసుల్లో పోసింది ఆ అమ్మాయే. వెయిటరు ఫ్రీజరులో పెట్టి మంచు పట్టించిన గ్లాసులు తెస్తే ఆమె వెనక్కి పంపింది.

"ఐసుల పెడితె నాలుక మొద్దువడ్తది సార్. వాసన లేవదు. జర వెచ్చగనే తాగాలె గిది."

"బీరు వెచ్చగానా?" అన్నాడు మొదలాళి. "మా ఇంట్లో జొరమొస్తే మిరియాల కషాయం వెచ్చగా ఇస్తారు."

"సన్యాసులు ఉపవాసంల తాగెటోళ్ళట పెద్దాయనా."

"ఉపవాసంలో బీరా!" రాయపురం అక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. "ప్రభువా! ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో నేను చేప ముక్క ముట్టుకుంటేనే మా ఫాదర్ ఒక చూపు చూస్తాడు. ఈ మాట ఆయనకు తెలిస్తే ఆయనే వచ్చి కూచుంటాడు ఈడ."

నవ్వులయ్యాక గది నెమ్మదించింది. నాకు ఓటు లేదన్నాను గానీ గ్లాసు ఉంది. దీపానికి ఎత్తి చూస్తే మధ్యలో నలుపు, అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు. పైన నురుగు పాలమీగడ రంగులో, కదిలిస్తే గ్లాసుకు అంటుకుని నెమ్మదిగా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వచ్చింది రొట్టె వాసన, బట్టీలోంచి అప్పుడే తీసినది, అడుగు కొంచెం మాడినది. దాని వెనక ముదురుపాకం. ఇంకాసేపు పీలిస్తే ఎండుద్రాక్ష, ఖర్జూరం. నోట్లో పోసుకుంటే ముందు తీపి అనిపించింది. మింగే వేళకు తీపి తగ్గి, కాఫీ అడుగున మిగిలే చేదు లాంటిది నాలుక వెనక నిలిచింది. ఆ తర్వాత గొంతులోంచి ఛాతీలోకి మెల్లగా ఒక వెచ్చదనం దిగింది. అంత బలమైన బీరులో సారా కాటు ఎక్కడా తగల్లేదు. నేను తాగినవాటిలో ఇంత ఓపికగా చేసినది ఇంకొకటి లేదని అనిపించింది. ఆ మాట నోట్లోనే ఉంచుకుని ముగ్గురినీ అడిగాను.

"ఎలా ఉంది?"

మొదలాళి గ్లాసు కింద పెట్టాడు. ముఖం చిట్లించాడు.

"నలుపు ఎక్కువ. పాకం ముదిరిపోయినాది. అడుగంటిన వాసన వస్తా ఉండాది. ఎవురు కాచినారు దీన్ని, పొయ్యి దగ్గర నిద్దరపోయినారా?"

కాచినమ్మాయి ఆయన ఎదురుగానే జగ్గు పట్టుకుని నిలబడి ఉంది.

"మీరు?" అని కాఫీ ఆయనను అడిగాను.

"రోస్టు ఒక మెట్టు ఎక్కువ పోయింది" అన్నాడు ఆయన. ఇంకో గుటక తాగాడు. "ఒకటి కాదు, ఒకటిన్నర. మా అంగట్లో అయితే ఈ రంగు రానియ్యను."

అక్క వాసన చూసింది, తాగింది, మళ్ళీ వాసన చూసింది. "ఇది బీరా, కాన్పైనోళ్ళకిచ్చే లేహ్యమా? ఖర్జూరం పెట్టిన పాత గోనెసంచి మాదిరి ఉండాది. బరువు. ఇది తాగినోళ్ళు లేచి నడిచి ఇంటికి పోతారా?"

"భోజనం కూడా చెయ్యలేరు" అన్నాడు మొదలాళి. "ఇంత తీపి ఎవురు తాగతారు? మళ్ళా చేదు ఒకటి. రెండిట్లో ఏదో ఒకటి ఉండాల గదా. సుమ్మా, ఊరికే మాల్ట్ ఉండాదని పోసేసినారు."

ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. రంగు, నురుగు, చిక్కదనం, దేన్నీ వదల్లేదు. తేలిక బీర్లకు రెండేసి మాటలు చెప్పి లేచిపోయిన మనుషులు దీని తప్పులు ఏకరువు పెడుతూనే ఉన్నారు. నేను రాస్తూనే ఉన్నాను. తల ఎత్తి ఆ అమ్మాయి వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముఖంలో కోపం లేదు. అలసట ఉంది. "థాంక్సండీ" అన్నాడు ముగ్గురికీ. తర్వాత ఆమెతో, "అమ్మా, విన్నారు కదా. నేనేం చెయ్యను చెప్పండి. మెయింటెనెన్స్‌వాళ్ళకు చెప్పి ట్యాంకు ఖాళీ చేయించేస్తాను" అన్నాడు.

ఆమె జగ్గు బల్ల మీద పెట్టింది. చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది.

"ఎవ్వరిని పిలవకుండ్రి సార్. నేనే కాసిన. నేనే మోరిల వదుల్త."

అని తలుపు వైపు నడిచింది.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసిందో లేదో, మొదలాళి గట్టిగా పిలిచాడు.

"ఏమ్మా, ఏమ్మా! ఏంది అట్ట లేచి పోతావు? కోపమా? కూచో, మాట్లాడుకుందాం."

తర్వాత నా వైపు వంగి, మెచ్చుకోలుగా, "గట్టిదే ఈ అమ్మాయి. మా వీధిలో అంగడి పెట్టుంటే మమ్మల్నందర్నీ ముంచేసుండేది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆమె కూడా తలుపు దగ్గరే ఆగి చూస్తోంది. మొదలాళి తన ముందున్న తెల్లని నాప్కిన్ తీసి, మడత విప్పి, కుడిచేతి మీద పరుచుకున్నాడు. ఆ చెయ్యి ఆమె వైపు చాపాడు.

ఆయన చెయ్యి తుడుచుకోవడానికి ఇంకోటి అడుగుతున్నాడనుకుని ఆమె పక్క బల్ల మీంచి ఉతికిన నాప్కిన్ తెచ్చి మర్యాదగా అందించింది. మొదలాళి అది తీసుకోలేదు. గుడ్డ కప్పిన చెయ్యి అలాగే చాపి ఉంచాడు.

రాయపురం అక్క పకపకా నవ్వింది. "అయ్యో పాపా! ఆయన చెయ్యి తుడుచుకునేదానికి కాదు. మొదలాళి నీ సరుక్కి రేటు అడగతా ఉండాడు."

అప్పుడు వెలిగింది నాకు.

టోకు బజారులో పెద్ద బేరాలు నోటితో జరిగేవి కావు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకున్నారో, ఎక్కడ నొక్కారో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు తువ్వాలు కదలడం మాత్రం కనిపిస్తుంది. ఇప్పుడు చాలావరకు ఫోన్లలోనే జరిగిపోతున్నాయి గానీ, ఈ మొదలాళి లాంటి పాతవాళ్ళకు చెయ్యి దానంతట అదే తువ్వాలు వెతుక్కుంటుంది.

ఆ తువ్వాలు బయటకు వచ్చే ముందు ఒక తంతు ఉంటుంది. అది నేను ఎన్ని ఉదయాలు చూశానో. సరుకు నచ్చితే ఆ ముక్క అమ్మేవాడి ముందు ఎవరూ అనరు. అంటే ధర ఎక్కుతుంది. రంగు బాగాలేదంటారు, చెమ్మ ఉందంటారు, ఇసుక తగిలిందంటారు. ఎంత నచ్చితే అన్ని వంకలు. నచ్చని సరుకైతే వంక పెట్టే అవసరమే లేదు. "బాగుంది, చూద్దాం" అని మర్యాదగా లేచి వెళ్ళిపోతారు. వంకలన్నీ విని అమ్మేవాడు విసుక్కుని లేచి నడిస్తే, అతను తన ధరకు కట్టుబడ్డాడని అర్థం. అప్పుడు వెనక్కి పిలిచి తువ్వాలు పరుస్తారు.

ఇదంతా నాకు తెలియని విషయం కాదు. ఏసీ గదిలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర, చేతికి గ్లాసులిచ్చి కూర్చోబెడితే వాళ్ళు బజారును బయట వదిలి వచ్చారని అనుకున్నాను. అమ్మే మనిషిని జగ్గుతో సహా ఎదురుగా నిలబెట్టి, సరుకు ఎలా ఉందని అడిగాం. వాళ్ళు వాళ్ళకు తెలిసిన పద్ధతిలో చెప్పారు.

బల్ల మీద చూశాను. ముగ్గురి ముందూ గ్లాసులు ఖాళీగా ఉన్నాయి. ఉమ్మడానికి పెట్టిన స్టీలు గిన్నెలు కడిగి పెట్టినవి పెట్టినట్టే పొడిగా ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పి, నేను వెళ్ళి మొదలాళి నాప్కిన్ కింద నా చెయ్యి పెట్టాను.

పిల్లలూ, ఒక మాట చెప్పాలి. అన్నేళ్ళు ఆ వీధుల్లో తిరిగినా తువ్వాలు కింద చెయ్యి పెట్టే భాగ్యం నాకు ఎప్పుడూ రాలేదు. పేపరువాణ్ణి. బయట నిలబడి, చివరికి వాళ్ళు చెప్పిన అంకె రాసుకునేవాణ్ణి. లోపల ఏం జరుగుతుందో చెప్పగా విన్నదే. ఆ రోజు ఆ ముసలాయన వేళ్ళు నా వేళ్ళను వెతికి పట్టుకున్నాయి. బెల్లం దిమ్మలు పగలగొట్టి గట్టిపడిన వేళ్ళు. ఒకసారి నొక్కి వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. ఆయన ముఖం ఎక్కడో చూస్తోంది. బీరంటే ఎంత రోతో అన్నట్టు మూతి ముడుచుకునే ఉంది. చెయ్యి మాత్రం నాతో నిజం చెబుతోంది.

ధర పైకి చెప్పకూడదు. అందుకని అదే నాప్కిన్ పట్టుకెళ్ళి మేనేజరు చేతి మీద కప్పి, నాకు వచ్చినంతలో అదే పట్టు అతని వేళ్ళకు పట్టాను. కిరాణా కొట్టులో పెరిగినవాడు. నేను అనుకున్నదానికంటే త్వరగా అందుకున్నాడు.

"ఇది... ఒక్క గ్లాసుకా?" అన్నాడు.

"మళ్ళేంది, పీపాకా?" అన్నాడు మొదలాళి. "రెండు గ్లాసులకు కొంచెం తగ్గించాల. రోజూ వచ్చేవోడికీ, ఎప్పుడో వచ్చేవోడికీ ఒకటే రేటా?"

"మొదలాళి ఎంత పట్టినాడో నాకు తెలీదు" అంది అక్క, నాప్కిన్ కోసం చెయ్యి చాపుతూ. "దాని మీద నాదొక ఏలు ఎక్కువ. నాకు సీసాలో పోసియ్యాల. క్రిస్మస్ కేకుకి ద్రాక్ష, ఖర్జూరం నానబెట్టేదానికి ఇంతకంటే మంచిది దొరకదు."

"బయటికి ఇవ్వకూడదక్కా. లైసెన్సు ఒప్పుకోదు" అన్నాడు మేనేజరు.

"అట్టయితే ద్రాక్ష మూట ఈడకే తెస్తా, పో."

"ఇందాక గోనెసంచి అన్నావు గదా అక్కా" అన్నాను.

"మంచి ఖర్జూరం గోనెసంచిలోనే గదా అన్నా వచ్చేది!"

మేనేజరు కాఫీ ఆయన వైపు తిరిగాడు. "మరి మీరు, రోస్టు ఎక్కువైందన్నారు?"

కాఫీ ఆయన ఖాళీ గ్లాసు దీపానికి ఎత్తి చూశాడు. "ఆ రంగు రానియ్యనన్నాను. నిజానికి మాడకుండా ఆ రంగు రప్పించడం నాకు రాదు. వేడి ఎక్కడ ఆపిందో పాప చెప్తే నేర్చుకుంటా." ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. చాలా జాగ్రత్తగా, "అన్నగారూ, మరి మన గోధుమ బీరు? అది ఎలా ఉంది?" అని అడిగాడు.

మొదలాళి ముఖం విప్పారింది. చిట్లింపులన్నీ పోయి, పెళ్ళిలో ఎదురైన దూరపు చుట్టాన్ని పలకరించేటప్పటి మర్యాద వచ్చింది.

"అదా? బాగుండాది సార్. చాలా బాగుండాది."

ముందు నవ్వింది మేనేజరే. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోవడానికి నాప్కిన్ కావలసి వచ్చింది.

"బాగుండాదని చెప్పినా గదా, దానికి నవ్వేదేంది?" అన్నాడు మొదలాళి, నిజంగానే అర్థం కాక. "బాగుండాదంటే ఎవురైనా కొంటారా?"

తలుపు దగ్గర ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. మా అందరి ముఖాలూ మార్చి మార్చి చూసి, చివరికి నన్ను అడిగింది. "సార్, నేనేం జెయ్యాలె? వదలాల్నా, వద్దా?"

"వద్దమ్మా. ఆ ట్యాంకు జోలికి ఎవ్వరూ వెళ్ళొద్దు" అని మేనేజరు జవాబు చెప్పాడు. "ట్యాంకు కావాలంటే గోధుమ బీరుది ఖాళీ చేద్దాం. మీ కాగితం సాయంత్రమే పైకి పంపిస్తాను. మళ్ళీ విడత ఎప్పుడు మొదలుపెడతారో చెప్పండి, బార్లీ తెప్పిస్తా."

ఆమె తల ఊపింది. మొదలాళి దగ్గరకు వచ్చి, వంగి, ఖాళీ గ్లాసు నింపింది. ఆయన ఒక గుటక తాగి, "నురుగు కూడా ఎక్కువే" అన్నాడు.

ఆ తర్వాత ఆ హోటల్‌లో ఉన్నంతకాలం రుచి చూపించే పద్ధతి మార్చాను. కాచినవాళ్ళు గదిలో ఉండకూడదు. ఎలా ఉందని అడగకూడదు. ఇంకొంచెం పొయ్యమంటారా అని అడగాలి. వాళ్ళ మాటలు రాసుకుంటూనే చేతుల మీద, గ్లాసుల మీద ఒక కన్ను వేసి ఉంచాలి. అన్నది అన్నట్టు రాయడం మంచి అలవాటే, మానమని చెప్పను. అయితే ఆ మాట ఎవరి ముందు, ఏ లాభనష్టాల మధ్య అన్నారో అది కూడా వార్తలో భాగమే. నాకు ఇది అరవై దాటాక తెలిసింది. మీకు ఇంకా ముందే తెలిస్తే మంచిదని ఇదంతా రాస్తున్నాను.

నల్ల బీరు బారులో మొదట నెమ్మదిగానే కదిలింది. మంచు పట్టిన గ్లాసు అడిగి, లేదంటే అలిగి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. ఉండిపోయినవాళ్ళు మాత్రం స్నేహితులను తీసుకుని వచ్చారు. గ్లాసు పక్కన పెట్టే అట్టముక్క మీద దాని గురించి రెండు వాక్యాలు నేనే రాశాను. మాడిన రొట్టె అంచు, ముదురుపాకం, ఖర్జూరం. మొదలాళి, అక్క తిట్లలోంచి తీసుకున్నవే చాలావరకు.

ఆ మనుషులందరికీ నేను రుణపడి ఉన్నాను. రిటైరైనవాణ్ణి పిలిచి పని ఇచ్చిన మేనేజరుకు, గుడ్డ కింద చెయ్యి పెట్టనిచ్చిన మొదలాళికి, నవ్వి నా కళ్ళు తెరిపించిన రాయపురం అక్కకు. అందరికంటే ఎక్కువగా ఆ అమ్మాయికి. ఎదురుగా నిలబడి అన్ని తిట్లు వింటూ జగ్గు వణక్కుండా పట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఆమెకు ఒక మాట చెప్పి వెళ్దామని ట్యాంకుల గదిలోకి వెళ్ళాను. తన ట్యాంకుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని ఫోన్లో మాట్లాడుతోంది. నన్ను చూడలేదు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఉంటున్ననే అమ్మా. ఆఁ, ఈడనే. పర్మనెంటు చేస్తరట." అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. ఆమె ఏప్రన్ చెంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "లేదమ్మా, ఒక్కలు గూడ మెచ్చుకోలే. మస్తు తిట్టిన్రు."